గేటు బయటి మంచం

అత్తమ్మ శవం మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ పొద్దును గురించి కౌసల్యమ్మ ఎవరికీ చెప్పుకోలేదు. చంపాపేట్‌లో కిరాయికుండే రోజులవి. దవాఖాన నుంచి ముత్తమ్మను ట్రాలీ ఆటోలో తెచ్చేసరికి ఇంటి ఓనరు గేటుకు లోపలి నుంచి తాళం వేసుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. కిటికీలోంచి దండం కూడా పెట్టాడు. ముసలామె అంటే తనకూ గౌరవమేననీ, కానీ శవం గడప తొక్కితే ఇంటికి మంచిది కాదనీ, మనసులో ఏమీ పెట్టుకోవద్దనీ చెప్పాడు. సన్న తుంపర పడుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, చెత్తబండి ఆగేచోట చాప పరిచి ముత్తమ్మను పడుకోబెట్టారు. ఆమెకు స్నానం అక్కడే, బొట్టు అక్కడే, కోడలి ఏడుపూ అక్కడే. గొడుగు ముఖానికే సరిపోయింది. కాళ్లు తడుస్తూనే ఉన్నాయి.

దినాలు అయ్యాక తిరిగొచ్చినప్పుడు ఓనరు భార్య కాళ్ల మీద పసుపునీళ్లు పోస్తే పోయించుకుంది. మా వల్ల మీకు తక్లీఫ్ అయిందమ్మా అని తానే మాఫీ అడుక్కుంది. చుట్టాలెవరైనా ఆ ముచ్చట ఎత్తితే, వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం అనేది. అంత అన్యాయాన్ని అంత చిన్న మాటలో మూటగట్టి అటక మీదికి నెట్టేసింది.

నల్లగొండ వైపు నుంచి బస్సెక్కిన మనిషికి హైదరాబాద్ అంటే మొదట తగిలేది ఎల్బీనగర్. కరువుకు ఊరిడిచినవాళ్లు ముల్లె దించిన చోటే బతుకూ దించారు. ఆ చుట్టుపట్ల ఊళ్ల పొలాలు ప్లాట్లయ్యాయి, దున్నినవాళ్ల పిల్లలు మూడంతస్తుల ఓనర్లయ్యారు. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులు మేడ మీది పోర్షన్లలో చేరారు. కోచింగుల కోసం వచ్చిన పిల్లలు చైతన్యపురి హాస్టళ్లలో మంచానికి మంచం ఆనించి పడుకున్నారు. ఒకే కూరగాయల బండి దగ్గర ‘ఏందే’ అనే గొంతూ ‘ఏంటండీ’ అనే గొంతూ బేరమాడతాయి. ఈ నగరాన్ని చెప్పమంటే ఎవరైనా కులం చెబుతారు, మతం చెబుతారు, ఏ జిల్లావాళ్లు ఏ కాలనీలో ఎక్కువో చెబుతారు. ఇంట్లోకి చావొచ్చిన పూట మాత్రం ఇక్కడ ఉండేవి రెండే జాతులు. గేటు ఉన్నవాళ్లు, గేటు లేనివాళ్లు.

కౌసల్యమ్మ, ఆమె భర్త జానయ్య మొదట దిగింది మలక్‌పేటలో, రేసుకోర్సు వెనకాల రజియా బీ ఇంట్లో ఒక వెనక గదిలో. జానయ్య కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ. మామిడి సీజన్లో మెడ మీద జీడి మరకలతో, ఒళ్లంతా తీపి వాసనతో ఇంటికొచ్చేవాడు. బిడ్డ యాదలక్ష్మి ఆ గదిలోనే పుట్టింది. అదే వాకిట్లో ఇంకో గదిలో ఉండే ముసలి దర్జీ చనిపోయినప్పుడు, ఆయన హిందువు, రజియా బీ తన ముందుగది ఖాళీ చేసిచ్చింది. అడుగుదామని వెళ్లిన దర్జీ కొడుకుని, మౌత్ వచ్చినంక ఇల్లు అడుగుడేంది బేటా అని తిరిగి కోప్పడింది.

ఆ ఇల్లు వదిలించింది కౌసల్యమ్మే. బిడ్డ తొట్టెల పండుగకు వచ్చిన చుట్టాలు ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. మనోళ్లు ఇంతమంది ఉండంగ మీకు ఈ ఇల్లే దొరికిందా అని పోతూ పోతూ అన్నారు. జానయ్యకు పట్టలేదు. ఆమెకు పట్టింది. మనోళ్ల నడుమ ఉండాలని పట్టుబట్టి చంపాపేట్‌కు మారింది. అక్కడ అత్తమ్మ చావు చూశాక, అయినవాళ్ల ఇల్లయితేనే ఇట్లాంటిది జరగదనుకుని ఇంకా దగ్గరివాళ్లను వెతికింది. అట్లా దొరికినవాడు ఎల్బీనగర్ యాదగిరి.

యాదగిరిది ఆ నేల మీద పాత కుటుంబం. తాతల పొలంలోనే మూడంతస్తులు కట్టాడు. పోర్షన్ చూపిస్తూ ఏమోళ్లని కులం ఆరా తీశాడు. కౌసల్యమ్మ చెప్పింది.

“మనోళ్లే గద. ఇగ నువ్వు నాకు అక్కవే” అన్నాడు.

ఆ మాటతో ఆమె గుండె మీది బరువు సగం దిగింది. మిగిలిన సగం దిగాలంటే ఒక్క మాట అడగాలి. మా ఇంట్లో ఎవరికైనా జరగరానిది జరిగితే లోపల ఉండనిస్తారా? అడగాలనే అనుకుంది. పాలు పొంగించే రోజున యాదగిరి తల్లి ఐలమ్మ పసుపు కుంకుమలు పట్టుకొచ్చింది. యాదగిరి బిడ్డ సుష్మిత, అప్పటికి చిన్నపిల్ల, పొంగిన పాలు చూసి చప్పట్లు కొట్టింది. మాట గొంతు దాకా వచ్చింది. జానయ్య ఆమె ముఖం చూసి కనిపెట్టాడు.

“పాలు పొంగే పూట పీనుగు ముచ్చటేందే? నేనేమన్న అంత జల్దిన పోతున్ననా?” అని చెవిలో నవ్వాడు.

కొత్త ఇంట్లో చావు మాట ఎత్తకూడదు. తర్వాత ఎత్తితే, ఏదో మనసులో పెట్టుకుని అడుగుతోందనుకుంటారు. అట్లా ఆ ప్రశ్న పాలతోపాటు పొంగి, పొయ్యి మీదే మాడిపోయింది. ఏళ్లు గడిచాయి. ఆమె చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. యాదలక్ష్మి పెళ్లయి చంపాపేట్‌లో కిరాయికి చేరింది. పండ్ల మార్కెట్ ఊరవతలికి పోయింది. జానయ్య అంత దూరం పోలేక, ఉన్నచోట పని దొరకక ట్రాలీ ఆటోలకు లోడెత్తుతూ తిరిగాడు. బతుకమ్మ ఆడినా, బోనం ఎత్తినా కౌసల్యమ్మ ఐలమ్మ పక్కనే నడిచేది. యాదగిరి నలుగురిలో మా అక్క అనే పరిచయం చేసేవాడు. అట్లా పిలిచే మనిషిని ఏ మాటైనా ఎట్లా అడగడం?

జానయ్య కళ్లు పసుపెక్కాయి. చుక్క ముట్టని మనిషికి కాలేయం ఎట్లా చెడుతుందని కౌసల్యమ్మ అడిగితే, ఇది తాగుడుది కాదు, పాత కామెర్లదని డాక్టరమ్మ చెప్పింది. సర్కారు దవాఖానలో చేయగలిగినంత చేశారు. చివరికి ఆ డాక్టరమ్మే ఆమె భుజం మీద చేయి వేసి, ఇంటికి తీసుకెళ్లు, ఇంట్లో నీ పక్కన ఉండనీ అంది. మంచి మాటే. ఏ ఇంటికన్నది డాక్టరమ్మకు తెలియదు.

ఊళ్లో పాత ఇల్లు కూలి, ఆ జాగాలో మరిది తిరుపతి కొత్తగా బిల్డింగ్ కట్టుకున్నాడు. కౌసల్యమ్మ అతనికి ఫోన్ చేసింది.

“కొత్త ఇల్లు వదినె. ఇంక ఏడాది నిండలే. ఏడాది లోపట ఇంట్ల చావైతే మంచిది గాదంటరు” అన్నాడు. తర్వాత ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే.

యాదలక్ష్మి నాన్నను తన దగ్గరికి తెచ్చుకుంటానని పట్టుబట్టింది. ఆమె ఓనరమ్మకు సంగతి తెలిసి, అట్లయితే ముందు గది ఖాళీ చేసి తర్వాత తెచ్చుకోమంది. చేసేది లేక జానయ్యను ఎల్బీనగర్ గదికే తెచ్చారు.

మొదటి రోజుల్లో ఏ లోటూ లేదు. యాదగిరి కొబ్బరిబొండాలు తెచ్చాడు. ఐలమ్మ మంచం కాడ కూర్చుని జానయ్య కాళ్లు ఒత్తింది. కౌసల్యమ్మ మనసులో అనుకుంది, చూశావా, అయినవాళ్లంటే ఇదీ. ఆయన ఈ కప్పు కిందే కన్ను మూస్తాడు. ప్రాణం పోయిన చోట దినాలయ్యేదాకా దీపం వెలుగుతుంది. గుమ్మంలోంచి నలుగురు మోసుకుపోతారు. ముత్తమ్మకు దక్కనిది కొడుక్కైనా దక్కుతుంది. అంతకుమించి ఆమె ఏమీ కోరుకోలేదు. బతకాలని కూడా కోరుకోలేదు. బతకడన్నది ఆమె మింగేసింది. ఇంట్లో పోతే చాలు.

మేడ మీద కిరాయికుండే కృష్ణకుమారి టీచరమ్మ, గుంటూరు వైపు మనిషి, ఒక సాయంత్రం గుమ్మం దగ్గర చెప్పులు విడవకుండానే నిలబడి మెల్లగా చెప్పింది. “మా నాన్నగారు పోయినప్పుడు మేం ఆసుపత్రి నుంచి అటే ఊరికి తీసుకెళ్లిపోయామండీ. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ రానిస్తారో లేదోనని. పన్నెండు రోజులు సెలవుపెట్టి, తీర్థయాత్రకి వెళ్లొచ్చామన్నాం. మీకు ఊళ్లో ఎవరూ లేరా కౌసల్య గారూ?”

లేరని చెబితే ఆమె కళ్లు తుడుచుకుని మెట్లెక్కింది. తండ్రి చావును తీర్థయాత్ర అని చెప్పుకోవాల్సి వచ్చిన చదువుకున్న మనిషి. ఇంకేం సలహా ఇస్తుంది?

ఆ మర్నాడు యాదగిరి వచ్చాడు. ఈసారి చేతిలో బొండాం లేదు. కౌసల్యమ్మను మెట్ల కిందికి పిలిచాడు.

“అక్కా, బావ బతకాలనే మొక్కుతున్న. గానీ పంతులుతోని మాట్లాడిన. ధనిష్ఠా పంచకం మొదలైతుందట. గా నక్షత్రంల ఇంట్ల పానం పోతే ఆర్నెల్లు ఇల్లు ఇడిచిపెట్టాలెనట. ఈ ఇంట్లనే సుష్మిత లగ్గం పెట్టుకున్న. పై పోర్షన్లోళ్లు ఉంటరా? నేనైతే ఎల్లగొడ్తలేను. నువ్వే చెప్పు, ఏం చేద్దాం?”

ఎల్లగొట్టి ఉంటే ఆమె ఎదురు తిరిగేదేమో. నువ్వే చెప్పు అన్నాడు. అక్కా అన్నాడు. ఆమె గోడకు ఆనుకుని, ఏం చేయమంటావు తమ్మీ అని అడిగింది. జర ముందుగాల బయటికి తెస్తే అయిపోతుందన్నాడు. గేటు పక్కన టెంటు వేయిస్తాననీ, ఫ్రీజర్ డబ్బా కూడా తానే చెబుతాననీ, ఏ దానికీ తక్కువ చేయననీ మాటిచ్చాడు. పిల్ల పెళ్లికి పెద్దమనుషులతో మాట్లాడుకున్నంత మర్యాదగా మాట్లాడుకున్నారు ఇద్దరూ, లోపల ఊపిరి పీలుస్తున్న మనిషి చావు గురించి. ఆమె తలూపింది.

మరుసటి పొద్దున జానయ్య గొంతులో గురగుర మొదలైంది. ముత్తమ్మకు చివరి గడియలో వచ్చిన చప్పుడు అదే. తండ్రి కోసం వచ్చి అక్కడే ఉంటున్న యాదలక్ష్మిని కౌసల్యమ్మ కేకేసింది. గుంజలు పాతి టెంటు అప్పటికే వేసి ఉంది. నలుగురు మంచమెత్తారు. కాళ్లు ముందు పెట్టి మోయబోతే, బతికున్న మనిషిరా అని ఒకడు ఆపి మంచం తిప్పించాడు. గుమ్మం ఇరుకు. మంచాన్ని వంచితే, జానయ్య దొర్లకుండా యాదలక్ష్మి తండ్రి నడుము పట్టుకుంది. గేటు దాటించి, మోటారు సైకిళ్లు పక్కకు జరిపి, గోడవార దించారు.

బయటి గాలి తగిలింది. గురక ఆగింది. అయిపోయిందని మోసినవాళ్లలో ఒకడు తన తల మీది రుమాలు తీశాడు. జానయ్య కళ్లు తెరిచాడు.

పైన నీలం, పసుపు చారల గుడ్డ. పక్కన ఎర్ర కుర్చీలు. ఆయన చాలాసేపు చూశాడు.

“ఎవలు పోయిండ్రే?” అని అడిగాడు.

ఎవరూ పోలేదనీ, లోపల ఉక్కపోస్తోందనీ కౌసల్యమ్మ ఏదో చెప్పబోయింది. ఆయన చూపు గోడకు ఆనించి నిలబెట్టిన ఫ్రీజర్ డబ్బా మీద ఆగింది. పెదవి ఒక పక్కకు జరిగింది. మార్కెట్లో హమాలీల నడుమ జోకులేసేటప్పుడు జరిగినట్టే.

“సరుకు రాకముందే బండి వెట్టిండ్రు” అన్నాడు. కాసేపటికి మళ్లీ, “ఇంట్లకు తోల్కపో” అన్నాడు.

ఆమె లేచి గేటు దగ్గరికి నడిచింది. ఐలమ్మ లోపలి వైపు నిలబడి ఉంది. రెండు చేతులతో గేటు చువ్వలు పట్టుకుంది. తోసెయ్యడానికి కాదు, పడిపోకుండా.

“బిడ్డా, పానం పోతదని బయట వెట్టిన మంచం మల్ల గడప దాటొద్దు. ఇది మనం వెట్టుకున్న పద్ధతి గాదు. పెద్దోళ్ల కాలం సంది ఉన్నది” అంది.

కౌసల్యమ్మ నోటి నుంచి, ఇన్నేళ్లలో మొదటిసారి, ఎదురుమాట వచ్చింది. “పెద్దమ్మా, ఆయన ఇంక పోలే. బతికున్న మనిషికి మైలేంది?”

యాదగిరి నేల చూపులు చూశాడు. చూస్తూనే గడియ పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు, అదీ మర్యాదగానే.

జానయ్య వెంటనే పోలేదు. ఆ పగలంతా ఉన్నాడు, మరుసటి పగటికి కూడా ఉన్నాడు. పూలదండలతో వచ్చిన చుట్టాలు ఆయన కళ్లు చూసి దండల సంచులు కుర్చీల కిందికి తోశారు. హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన బండి ఆపి, దిగి, భక్తిగా దండం పెట్టాడు. జానయ్య చేయి ఎత్తి తిరిగి దండం పెడితే ఆ మనిషి బెదిరి బండెక్కాడు. కోచింగుకు పోయే పిల్లలు ముక్కులకు చున్నీలు అడ్డం పెట్టుకుని దాటారు. కౌసల్యమ్మ చేతి వంట తినే పిల్లలు వాళ్లలో ఉన్నారో లేదో, ఆమె తలెత్తలేదు. పెళ్లిళ్ల సీజన్ కావడంతో టెంటు మనుషులు రెండుసార్లు వచ్చి, ఇంకా ఎంతసేపని అడగలేక అటూ ఇటూ తిరిగి వెళ్లారు. కృష్ణకుమారి మేడ మీది నుంచి ఫ్లాస్కులో కాఫీ దించింది. దిగి రాలేదు. తానూ ఆ ఇంట్లోనే ఉండాలిగా.

రెండో పొద్దున ఆయన తెలివిలోకి వచ్చి భార్య వేలు పట్టుకున్నాడు.

“రజియా బీ ఇంట్ల మంచిగుండె గదనే” అన్నాడు.

తప్పు పట్టి అన్న మాట కాదు. గుర్తొచ్చి అన్న మాట. ఆ మాట ఈనాటికీ ఆమె తిన్న అన్నం అరగనివ్వదు.

మధ్యాహ్నానికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. గల్లీ ఇరుకు. మంచం ఉన్నంతసేపు బండి సంపు దగ్గరికి పోలేదు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, దిగి చూసి, సిగ్గుపడి చేతులు జోడించాడు. గల్లీలో నీళ్లు లేక అప్పటికే బిందెలు లైన్లో ఉన్నాయి. మంచాన్ని గోడ మలుపు దాకా జరుపుదామన్నారు. ఎత్తారు, నాలుగు అడుగులేశారు, దించారు. దించేసరికి జానయ్య లేడు.

ఎక్కడ పోయాడు? ఎత్తినప్పుడా, మోస్తున్నప్పుడా, దించినప్పుడా? ఎవరికీ తెలియలేదు. ప్రాణం పోయిన చోట దీపం పెట్టాలి కదా. కౌసల్యమ్మ ప్రమిద పట్టుకుని ఆ నాలుగడుగుల మధ్య అటూ ఇటూ నడిచింది. చివరికి మధ్యలో, ట్యాంకరు టైరు అచ్చు పక్కన, రెండు ఇటుకలు అడ్డం పెట్టి వెలిగించింది. సాయంత్రానికి ఎవరి బండో తగిలి ఇటుక దొర్లింది. పొద్దున ఊడ్చేవాళ్లు వచ్చి తుడిచేశారు. రెండో దీపం ఆమె పెట్టలేదు.

దినాలయ్యేదాకా ఆమెను గదిలోకి రావొద్దన్నారు. మైలమనిషిని యాదలక్ష్మి ఓనరమ్మా రానివ్వలేదు, హాస్టల్ వాళ్లూ రానివ్వలేదు. ఒకరోజు మెట్రో దిగి మలక్‌పేటలో పాత గల్లీ వెతుక్కుంటూ పోయింది. రజియా బీ వాకిలి ఉన్నచోట ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. వాచ్‌మన్‌కు ఆ పేరే తెలియదు. ఆమె తిరిగొచ్చి శ్మశానం పక్కన రేకుల షెడ్డులో, తనలాగే గేటు బయటపడ్డ ఇంకో కుటుంబంతో కలిసి పడుకుంది. పిట్టకు పెట్టడం కూడా అక్కడి నుంచే. శ్మశానంలో కాకులకు కొదువ లేదు, వెంటనే ముట్టాయి. అదొక్కటే అనుకున్నట్టు జరిగింది.

పదకొండో రోజు అయ్యాక ఎల్బీనగర్ వెళ్తే గది తలుపుకు కొత్త రంగు వాసన. ఆమె సామానంతా మెట్ల కింద పద్ధతిగా మూటలు కట్టి ఉంది. గేటుకు టు-లెట్ బోర్డు వేలాడుతోంది. యాదగిరి ఇంట్లో లేడన్నారు. సుష్మిత బయటికి వచ్చి, మామ ఫొటో నేనే తీసి చీరల మధ్య పెట్టిన అత్తమ్మా, పగలకుండ, అని చెప్పి ఏడుస్తూ లోపలికి పోయింది.

ఇప్పుడు కౌసల్యమ్మ ఇల్లు వెతుకుతోంది. మూటలు యాదలక్ష్మి మంచం కింద ఉన్నాయి. హాస్టల్ వంట అయ్యాక బోర్డులు చూసుకుంటూ గల్లీలు తిరుగుతోంది. ఒంటరి ఆడమనిషి అని కొందరు, విధవ అని కొందరు వెనక్కి పంపుతారు. ఎవరైనా గది చూపించేదాకా వస్తే, ఆమె ఈసారి పాలు పొంగే రోజు దాకా ఆగడం లేదు. గుమ్మంలోనే అడుగుతోంది.

“నాకు చావొస్తే గీ గదిల ఉండనిస్తరా? చెప్పుండ్రి. ఉండనిస్తమంటేనే దిగుత.”

ఇప్పటిదాకా ఎవరూ ఉండనిస్తామనలేదు. ఒకావిడ చెవులు మూసుకుంది. ఒకాయన, పిచ్చిదా ఏంది అన్నాడు. చాలామంది ఏమీ అనకుండా తలుపేశారు.

ఇది చదువుతున్న మీ ఇంటి గేటుకు టు-లెట్ బోర్డు ఉంటే, రేపు గది చూడ్డానికి వచ్చినవాళ్లకు నీళ్ల టైమింగులు, బండి పెట్టుకునే జాగా చెప్పాక ఇంకొక్క మాట చెప్పండి. మీ ఇంట్లో ఎవరైనా పోతే ఈ ఇంట్లోంచే సాగనంపుకోండి అనండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి, అడగలేరు. మీరే కిరాయికి ఉంటే, సిగ్గు విడిచి అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాడికి అది అపశకునపు మాట కాదు, మామూలు మాట. కాలనీ సంఘం మీటింగులో గుడి గోపురానికి రంగుల గురించి మాట్లాడే పూట, కిరాయిదారుల శవానికి ఒక్క గది, దినాలదాకా ఇంటివాళ్లు ఉండేందుకు ఒక కప్పు కావాలని లేచి నిలబడండి. కార్పొరేటర్ ఓటడగడానికి మీ గేటు దాకా వస్తే గేటు బయటే నిలబెట్టి అదే అడగండి.

ఒక నడివయసు మనిషి, జుట్టుకు వంటింటి పొగ వాసనతో, మీ గుమ్మంలో నిలబడి ఆ ప్రశ్న అడిగితే తలుపు వేయకండి. ఉండనిస్తామని చెప్పండి.